ఒంటిగంట షట్టర్

ఆ వీడియో పంతొమ్మిది సెకన్లు ఉంటుంది. రోడ్డుకు అవతల మేడమీద నుంచి ఎవరో ఫోనులో తీశారు. బ్యాంకు ముందు జనం, వాళ్ళ నెత్తిమీద ఎండ, జనానికి ఆ చివర తెరిచి ఉన్న ఇనుప షట్టర్. పదకొండో సెకనులో లోపలి నుంచి ఒక చెయ్యి పైకి లేస్తుంది. తెల్లచొక్కా చెయ్యి. అది షట్టర్ అడుగుపట్టీని పట్టుకుని కిందికి లాగుతుంది. షట్టర్ నడుము ఎత్తు దాకా దిగి ఆగుతుంది. ఆ తర్వాత అరుపులే తప్ప ఏమీ సరిగా కనిపించదు.

ఆ చెయ్యి నాది.

డాక్యుమెంటరీలో అది నాలుగు సెకన్లు కనిపిస్తుంది. "మధ్యాహ్నం ఒంటిగంటకు క్యాషియర్ షట్టర్ దించేశాడు" అని వెనక నుంచి ఒక ఆడగొంతు చెబుతుంది. క్యాషియర్ నా తమ్ముడు. వాడు పోయి అప్పటికి పద్నాలుగు నెలలు.

దర్శకురాలు ఆ సినిమాను నాకు మా బడిలోనే, ఒక ఆదివారం ఉదయం, ఎనిమిదో తరగతి గదిలో చూపించింది. ల్యాప్‌టాప్‌ను పిల్లల బల్లమీద పెట్టి, వెలుతురు పడకుండా కిటికీ తలుపులు తనే మూసింది. నలభై ఏళ్ళ మనిషి. నెమ్మదిగా మాట్లాడుతుంది. మా బ్యాంకు ఎందుకు కూలిందో ఏడాదిగా తవ్వుతోంది.

సినిమాలో అంతా వరసగా ఉంది. బ్యాంకు పెద్దలు బంధువుల పేర్లతో ఇళ్ళు కట్టే కంపెనీ పెట్టడం, మేమందరం దాచుకున్న డబ్బును ఆ కంపెనీకే అప్పుగా ఇవ్వడం, నాలుగో అంతస్తు దగ్గర ఆగిపోయిన భవనాలు పూర్తయినట్టు కాగితాల్లో రాయడం, తనిఖీ చేయాల్సినవాళ్ళు ఆ కాగితాల మీద సంతకాలు పెట్టడం. పాఠంలా బొమ్మలు గీసి చూపించారు. నేను కూడా అంత బాగా చెప్పలేను. చివరికి మా ఊరు, మా బ్రాంచి, ఆ చెయ్యి.

"మీరు ఆ రోజు లోపలే ఉన్నారు కదా మాస్టారుగారూ. తప్పేమైనా కనిపిస్తే ఇప్పుడే చెప్పండి," అంది. "వచ్చే సోమవారం సినిమాను విడుదలకు పంపించేస్తున్నాం. ఆ తర్వాత నా చేతుల్లో ఉండదు."

"ఆలోచించి చెబుతాను," అన్నాను. కిటికీ తలుపులు తీశాను.

ఆలోచించడానికి ఏమీ లేదు. ఆ రోజు భోజనవేళలోనూ బ్రాంచి మూయవద్దని హెడ్డాఫీసు రాతలో ఆదేశం పంపింది. విచారణ కమిటీ దాన్నే పట్టుకుంది. క్యాషియర్ ఆదేశాన్ని ధిక్కరించి షట్టర్ దించాడు, అల్లరికి అతడే కారకుడు, కాబట్టి అతడి భార్యకు పింఛనుగానీ పరిహారంగానీ రావు అని రాసింది. మరదలు అప్పీలు పెట్టుకుంది. అది వచ్చే నెలలో ఉంది. ఈలోగా ఈ సినిమా బయటికి వస్తే, దేశమంతా చూశాక, ఏ అధికారీ ఆ మాట కొట్టేసి ఇంకో మాట రాయడు.

*

మా బడికి ఎదురుగానే బ్యాంకు. పన్నెండూ యాభై అయిదుకు భోజనం గంట కొడతారు. నేను క్యారేజీ పట్టుకుని రోడ్డు దాటి తమ్ముడి దగ్గరికి వెళ్ళేవాణ్ణి. మరదలు ఇద్దరికీ కలిపి ఒకే క్యారేజీ సర్ది పొద్దున నాకు ఇచ్చేది. తమ్ముడికిస్తే దాన్ని ఆఫీసులో ఎక్కడో పెట్టి మరిచిపోతాడని ఆవిడ భయం.

ఒంటిగంటకు బ్యాంకు షట్టర్ నడుము ఎత్తు వరకు దించుతారు. అప్పటికి లోపల ఉన్నవాళ్ళు పని ముగించుకుని వంగి బయటికి పోవచ్చు. కొత్తవాళ్ళు లోపలికి రాకూడదు. అరగంట తర్వాత మళ్ళీ ఎత్తుతారు. ఆ పని గార్డుది. గార్డు నిచ్చెన మీంచి పడ్డాక అతడి కుడిచెయ్యి భుజం దాటి పైకి లేవడం మానేసింది. ఆ సంగతి ఎవరికీ చెప్పకుండా దాచాడు, చెబితే ఉద్యోగం పోతుందని. ఒకరోజు అతడు ఎడమచేత్తో ఎగిరెగిరి షట్టర్ అందుకోబోతుంటే చూసి నేను లాగాను. ఆ మర్నాడూ లాగాను. అలా ఆరేళ్ళు.

"అన్నయ్య మా బ్యాంకులో జీతం లేని ఉద్యోగి," అనేవాడు తమ్ముడు.

"జీతం లేకపోతేనేం బాబూ, భోజనం ఉందిగా," అనేవాడు గార్డు.

"ఆ భోజనం నా వాటాలోంచే పోతోంది బాబాయ్. ఈయన బడిలో ఆకలి తెచ్చుకుని బ్యాంకులో తీర్చుకుంటాడు."

షట్టర్‌కు జిడ్డు ఉండేది. తమ్ముడు నాకోసం ఒక పాత గుడ్డ ముక్క సొరుగులో పెట్టేవాడు. నేను చెయ్యి తుడుచుకునేవరకు క్యారేజీ ముట్టుకోనిచ్చేవాడు కాదు.

*

ఆ రోజు పొద్దున్నుంచే జనం వచ్చారు. బ్యాంకులో డబ్బు లేదన్న వార్త ముందురోజు సాయంత్రం పొక్కింది. మేనేజరును హెడ్డాఫీసుకు పిలిపించుకున్నారు. తమ్ముడు, ఇద్దరు గుమాస్తాలు, గార్డు, అంతే. డబ్బు బండి మూడింటికి వస్తుందని చెప్పారట. మా స్టాఫ్‌రూమ్ కిటికీలోంచి చూస్తే రోడ్డు కనపడటం లేదు, తలలే.

పదకొండింటికి తమ్ముడు ఫోన్ చేశాడు.

"అన్నయ్యా, ఇవాళ రాకు. నేను ఇక్కడ ఏదో తింటాలే."

"ఏం తింటావు? పొద్దున కూడా తినకుండానే వెళ్ళావని మీ ఆవిడ చెప్పింది."

"నోట్లు తింటాను. బోలెడు ఉన్నాయి, మూడింటి దాకా."

నవ్వాడు. నేను నవ్వలేదు. ఆకలి వేస్తే వాడికి చేతులు వణుకుతాయి, చిన్నప్పటి నుంచీ అంతే. వెళ్ళాను.

జనం నాకు దారి ఇచ్చారు. ఈ మాట నేను చాలాసార్లు గుర్తుచేసుకుంటాను. వాళ్ళలో సగం మంది పిల్లలకు నేను చదువు చెప్పాను. "మాస్టారిని పోనివ్వండి, తమ్ముడికి అన్నం తెచ్చారు" అని ఒకరికొకరు చెప్పుకున్నారు. మా వీధి ప్లంబరు, మా బడి కుళాయిలు బాగుచేసేవాడు, వరసలో మధ్యన ఉన్నాడు. పనిసంచీ భుజాన ఉంది.

"వెళ్ళండి మాస్టారూ, వెళ్ళండి. ఆయన కడుపు నిండితే మా చేతులు నిండుతాయి," అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు.

లోపల నలభై మంది దాకా ఉన్నారు. అందరూ కౌంటరుకేసి తిరిగి ఉన్నారు. కౌంటరు వెనక తమ్ముడు లేడు. ఉన్న కట్టలు అయిపోతే లోపలి గదికి వెళ్ళాడు. తలుపు పక్క గోడకు హెడ్డాఫీసు ఆదేశం కాగితం అంటించి ఉంది. పరీక్షలో ప్రశ్న రెండుసార్లు చదవమని పిల్లలకు చెప్పేవాణ్ణి, ఆ కాగితం ఒక్కసారి కూడా చదవలేదు. గోడమీద గడియారం ఒంటిగంట చూపిస్తోంది. గార్డు నావైపు చూసి ఏదో అనబోయాడు. అప్పటికే నా కుడిచెయ్యి పైకి వెళ్ళింది. ఆరేళ్ళుగా ఆ వేళకు ఎక్కడికి వెళ్తుందో అక్కడికే వెళ్ళింది. పట్టీని అందుకుని లాగాను.

ఆ చప్పుడుకు రోడ్డుమీద తలలన్నీ పైకి లేచాయి. తర్వాత ఒక ఆడమనిషి గొంతు వినపడింది. "మూసేస్తున్నారు! అన్నను లోపలికి పిలుచుకుని మూసేస్తున్నారు!"

"క్యారేజీలో పెట్టి పంపిస్తున్నారు మన డబ్బు!"

షట్టర్ కింద నుంచి ముందు కాళ్ళు వచ్చాయి, తర్వాత మనుషులు. వంగినవాళ్ళ మీద పాకినవాళ్ళు, వాళ్ళ మీద వెనకవాళ్ళు. ఎవరో షట్టర్‌ను కిందనుంచి ఎత్తి గుంజారు, అది పట్టాలు తప్పి ఒక మూలకు ఒరిగింది. నా చేతిలో క్యారేజీని నలుగురు లాగారు. గిన్నెలు విడిపోయి అన్నం నేలమీద పడింది. ఒకతను మోకాళ్ళ మీద కూర్చుని ఆ అన్నంలో చెయ్యి పెట్టి వెతికాడు. నోట్ల కోసం. ఏమీ దొరక్క ఆ గిన్నెతోనే నా మొహం మీద కొట్టాడు. నేను పడ్డాను. నా పక్కటెముకల మీద ఎవరో నిలబడ్డారు. కావాలని కాదు, నిలబడటానికి ఇంకెక్కడా చోటు లేక.

తమ్ముడు అప్పుడు లోపలి గదిలోంచి తన కేబిన్‌లోకి వచ్చాడు. క్యాషియర్ కేబిన్ చుట్టూ ఇనుపజాలీ. లోపలినుంచి రెండు గడియలు. పనివేళలో ఆ తలుపు తీయకూడదని నియమం. అందులో ఉన్నంతసేపు వాణ్ణి ఎవరూ ముట్టుకోలేరు. జాలీ మీద కుర్చీలు విసురుతున్నారు, అది వంగుతోంది గాని తెగటం లేదు. వాడు నన్ను చూశాడు. ఒకడు నా చెయ్యి మెలితిప్పి జాలీకేసి అదిమి, "తెరువు, లేకపోతే మీ అన్న చెయ్యి విరిచేస్తా" అంటున్నాడు. వద్దు అని అరిచాను. అరిచాననే అనుకుంటున్నాను. నా నోట్లో రక్తం ఉంది.

రెండు గడియలూ తీశాడు.

ఒక చెయ్యి బయటికి చాచి నా కాలరు పట్టుకుని లోపలికి లాగబోయాడు. వాళ్ళు ఆ చేతినే పట్టుకుని వాణ్ణి బయటికి లాగారు. "ఒక్కొక్కరుగా రండి. అందరికీ ఇస్తాను. ఒక్కొక్కరుగా," అంటున్నాడు. ఆ మాట మూడుసార్లు అన్నాడు. మొదటి దెబ్బ వరసకట్టడానికి తాడు వేసే ఇనుపస్తంభంతో పడింది. దాని అడుగున పళ్ళెమంత బరువైన దిమ్మె ఉంటుంది. ఆ స్తంభాన్ని తిరగేసి ఎత్తినవాడి భుజాన పనిసంచీ ఉంది.

దిమ్మె తమ్ముడి చెవి వెనక తగిలింది. వాడు మోకాళ్ళ మీద కూలాడు. రెండో దెబ్బ అక్కడే. తర్వాత చెప్పులు, కుర్చీ కాళ్ళు, స్టాంపులు గుద్దే ఇనుపముద్ర. ముసలాయన ఒకడు చేతికర్రతో వాడి వీపుమీద కొడుతూ ఏడుస్తున్నాడు. కొట్టినకొద్దీ ఏడుపు ఎక్కువైంది, ఏడ్చినకొద్దీ దెబ్బ గట్టిగా పడింది. నేను పాకుతూ వెళ్ళి వాడి కాలు పట్టుకున్నాను. కొంతసేపటికి ఆ కాలు నేను కదిపితేనే కదులుతోంది.

లోపలి గదిలో రెండు కట్టలు దొరికాయట. వాటికోసం జరిగిన పెనుగులాటలో ఇంకో ఇద్దరికి కళ్ళు పోయాయి.

*

ఆసుపత్రిలో ఉన్నప్పుడు గార్డు నన్ను చూడ్డానికి వచ్చాడు. మంచం పక్కన నిలబడి తన ఎడమచేత్తో కుడిభుజాన్ని పట్టుకున్నాడు.

"మాస్టారూ, పోలీసులు నన్ను అడిగారు. షట్టర్ దించింది ఎవరని."

నేను కళ్ళు మూసుకున్నాను.

"బయటివాడితో దింపించానంటే నన్ను లోపలేస్తారు. మీ పేరు చెబితే ఊరు మిమ్మల్ని బతకనివ్వదు. పోయినాయన ఎలాగూ పోయాడు కదా అని..." అక్కడ ఆగాడు. "క్యాషియర్ బాబే అన్నాను. గుమాస్తాలు మేం చూడలేదనేశారు. నా నోరు పడిపోను."

ఆ మాటకు నేను ఏమీ అనలేదు. పద్నాలుగు నెలలు ఏమీ అనలేదు. మొదట ఎముకలు విరిగి ఉన్నాయి. తర్వాత భయం. ఆ తర్వాత, ఇన్నాళ్ళు ఎందుకు చెప్పలేదని అడుగుతారన్న భయం. చెప్పకుండా గడిచిన ఒక్కోరోజూ మర్నాడు చెప్పడాన్ని ఇంకాస్త కష్టం చేసింది.

ఈలోగా మరదలి ఇంటి కిటికీలు మూడుసార్లు పగిలాయి. గోడమీద తారుతో "షట్టర్ దొంగ" అని రాశారు. మా తమ్ముడి కూతురు పదకొండేళ్ళది. బడి మెట్లమీద దాన్ని ఎవరో వెనకనుంచి తోశారు, ముందుపళ్ళు రెండు పోయాయి. నేను ఉన్న బడిలోనే. "ఎవరు తోశారమ్మా?" అంటే, "చూడలేదు పెదనాన్నా. మీ నాన్న షట్టర్ దించాడని అన్నారు. దించాడా?" అంది. రుమాలు మంచినీళ్ళలో తడిపి దాని నోరు తుడిచాను.

ప్లంబరు మీద కేసు పెట్టారు. సాక్షులు లేరు. వాడు స్తంభం ఎత్తడం నేను చూశాను. కానీ నేను సాక్ష్యానికి వెళితే మొదటి ప్రశ్న షట్టర్ గురించే వస్తుంది. వెళ్ళలేదు. బెయిలు మీద వచ్చి మళ్ళీ మా బడి కుళాయిలు బాగుచేస్తున్నాడు. నా మొహం చూడడు. నేనూ వాడి మొహం చూడను.

సినిమాలో వాడు కూడా మాట్లాడాడు. పైపురెంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

"కంచే చేను మేసిందండీ. పదకొండేళ్ళ కష్టం నాది. చూడండి, నీళ్ళు కారేచోట లీకు ఉండదు. గోడలో ఎక్కడో పైన పగులుంటుంది, కింద ఎక్కడో కారుతుంది. తెలివితక్కువవాడు కారేచోట పగలగొడతాడు," అన్నాడు. తర్వాత, "ఆ క్యాషియర్ షట్టర్ దించకుండా ఉంటే ఎవరం లోపలికి వెళ్ళేవాళ్ళం కాదు. కొట్టింది ఎవరంటే ఎవరు చెబుతారండీ? జనం. తిలాపాపం తలా పిడికెడు," అన్నాడు.

దర్శకురాలికి ఆ లీకు మాట బాగా నచ్చింది. సినిమా మొదట్లోనే పెట్టుకుంది.

*

గురువారం బడి అయ్యాక మరదలి ఇంటికి వెళ్ళాను. పాప ట్యూషన్‌కు వెళ్ళింది. మరదలు పగిలిన కిటికీకి అట్టముక్క మేకులు కొట్టి బిగిస్తోంది. మేకులు నోట్లో పెట్టుకుంది. నన్ను చూసి వాటిని అరచేతిలోకి తీసుకుంది.

"కూర్చోండి బావగారూ. అప్పీలు కాగితం చూడమని మీకే కబురు చేద్దామనుకుంటున్నా. మీరైతే తప్పుల్లేకుండా రాస్తారు."

"కూర్చోను. నేను చెప్పేది పూర్తిగా విను. మధ్యలో ఆపితే మళ్ళీ మొదలుపెట్టలేను."

చెప్పాను. గార్డు భుజం, ఆరేళ్ళు, చదవని కాగితం, నా చెయ్యి. తర్వాత రెండు గడియల సంగతి. అది ఆవిడకు తెలియదు. కేబిన్ తలుపు విరగ్గొట్టారనే అందరూ అనుకున్నారు. వాడు తనే తీశాడనీ, నాకోసం తీశాడనీ చెప్పాను.

ఆవిడ కిటికీ దగ్గర నుంచి ఇవతలికి వచ్చింది. మేకులు బల్లమీద పెట్టింది. అలమర దగ్గరికి వెళ్ళి పై అరలోంచి పోలీసులు తిరిగి ఇచ్చిన క్యారేజీ తీసింది. ఒక పక్క సొట్టపోయి ఉంది, మూత లేదు. దాని పిడి పట్టుకుని నా తలమీద కొట్టింది.

నేను చేతులు అడ్డం పెట్టలేదు. రెండో దెబ్బకు కనుబొమ తెగింది. మూడోది మెడమీద. "నా ఎదురుగా కూర్చుని తిన్నారు," అంటూ ఒక దెబ్బ. "పద్నాలుగు నెలలు నా చేతి అన్నం తిన్నారు." ఇంకొకటి. "దాని పళ్ళు రాలితే రక్తం తుడిచారు, అప్పుడు కూడా చెప్పలేదు." ఆవిడ ఏడవటం లేదు. ఊపిరి అందక మాటకూ మాటకూ మధ్య ఆగుతోంది. నేను గోడకు ఆనుకుని కిందికి జారాను. విరిగి అతుకుపడ్డ పక్కటెముక మీద కాలితో తన్నింది. అప్పుడు నాకు అరుపు వచ్చింది. ఆ అరుపు విని ఆగింది.

క్యారేజీ గిన్నెలు మళ్ళీ విడిపోయి మూలమూలకు దొర్లాయి. ఆవిడ వాటిని ఒక్కొక్కటే ఏరి బల్లమీద పెట్టింది.

"ఇదే మాట ఆ సినిమా ఆవిడకు చెబుతారా?"

"చెబుతాను."

"అయితే లేవండి. ఇప్పుడే."

"మొహం కడుక్కుని..."

"అక్కర్లేదు. అలాగే రండి."

*

దర్శకురాలు ఆ సాయంత్రం మూతపడ్డ బ్యాంకులో చివరి షాట్లు తీస్తోంది. తాళంచెవి గార్డు దగ్గరే ఉంది. బ్యాంకు పోయినా ఆ ఖాళీ గదికి ఇప్పటికీ కాపలా అతడే. షట్టర్‌ను పట్టాలు ఎక్కించి బిగించారు. లోపల దుమ్ము. విరిగిన స్తంభాలు ఒక మూల పోగుపెట్టి ఉన్నాయి. నన్ను, నా మొహాన్ని చూసి గార్డు గోడకు చేరగిలబడ్డాడు. అతడికి అర్థమైంది.

నేను కెమెరా ముందు నిలబడి అంతా చెప్పాను. గార్డు పేరు లేకుండా చెబుదామనుకున్నాను. "నేను కూడా ఉన్నానని చెప్పండి మాస్టారూ," అని అతడే వచ్చి పక్కన నిలబడ్డాడు.

దర్శకురాలు కెమెరా పక్కనుంచి నా దగ్గరికి వచ్చింది.

"మాస్టారుగారూ, ఇది మీరు చెప్పినందుకు... కానీ ఒకటి. బ్యాంకును కూల్చింది మీ చెయ్యి కాదు. మీరు షట్టర్ దించకపోయినా మూడింటికి ఏ బండీ వచ్చేది కాదు. నా దగ్గర కాగితాలున్నాయి. బండి బయల్దేరనే లేదు. మూడింటికైనా జనం విరుచుకుపడేవాళ్ళే."

"కావచ్చు. మూడింటికి వాడు కేబిన్‌లో ఉండేవాడు. నేను ఎదురుగా బడిలో ఉండేవాణ్ణి. వాడికి తలుపు తీయాల్సిన పని ఉండేది కాదు."

"నా సినిమా బ్యాంకు ఎందుకు కూలిందన్న దాని గురించి. దీన్ని పెడితే చూసేవాళ్ళు దీన్నే పట్టుకుంటారు. అసలు దొంగలు తప్పించుకుంటారు."

మరదలు అంతవరకు కౌంటరు దగ్గర, భర్త కూర్చునే చోట, జాలీ మీద చెయ్యి వేసి నిలబడి ఉంది. అక్కడినుంచే మాట్లాడింది.

"మీ దొంగల్ని మీరు పట్టుకోండమ్మా. బొమ్మలు గీసి, లెక్కలు చెప్పి పట్టుకోండి, నేను కాదన్నానా? నేను అడిగేది ఒక్క మాట. మీ సినిమాలో ఆ చెయ్యి ఎవరిదని చెబుతారు?"

దర్శకురాలు సరేనన్నట్టు తల ఊపింది. ఆ తర్వాత నన్ను అడిగింది, ఎలా దించేవారో ఒకసారి చూపించగలరా అని.

షట్టర్ కిందికి వెళ్ళి నిలబడ్డాను. చెయ్యి పైకి ఎత్తితే పక్కటెముక గుచ్చుకుంది. పట్టీ అందింది. లాగాను. అదే చప్పుడు.

పద్నాలుగు నెలలుగా ఆ వీధి ఆ చప్పుడు వినలేదు. నడుము ఎత్తు షట్టర్ కింద నుంచి చూస్తున్నాను. ముందు రెండు జతల కాళ్ళు వచ్చి ఆగాయి. తర్వాత పది. తర్వాత లెక్కపెట్టలేదు. ఎవరో ఒక రాయి విసిరారు. అది ఇనుపరేకుకు తగిలి గది అంతా మోగింది. "మళ్ళీ ఎవర్రా లోపల?" అని కేక. గార్డు రెండు చేతులతో చెవులు మూసుకోబోయాడు, కుడిచెయ్యి లేవలేదు.

"ఎత్తండి బావగారూ," అంది మరదలు. "పూర్తిగా ఎత్తండి."

ఎత్తాను. ఎండ ఇంకా ఉంది. ముందు వరసలో ప్లంబరు ఉన్నాడు. చేతిలో రెంచీ ఉంది, పని మధ్యలోంచి వచ్చినట్టున్నాడు.

"ఆ రోజు షట్టర్ దించింది నేను," అన్నాను. తరగతిలో వెనకబెంచీకి వినపడేలా ఎలా మాట్లాడతానో అలా మాట్లాడాను. "మా తమ్ముడు కాదు. రోజూ నేనే దించేవాణ్ణి. అలవాటుగా దించాను. మా తమ్ముడు ఆ సమయంలో మీ డబ్బు తేవడానికి లోపలికి వెళ్ళాడు."

ఎవరూ కదల్లేదు. ప్లంబరు ఒక్కడే ఒక అడుగు ముందుకు వేశాడు.

"మరి క్యారేజీలో?"

"అన్నం."

"అన్నమేనా?"

"నువ్వే దారి ఇప్పించావు కదా. అన్నమే."

వాడు నన్ను కొట్టాడు. రెంచీతో కాదు, రెండో చేతి పిడికిలితో, తెగిన కనుబొమ మీదే. పడ్డాను. వాడు నామీద కూర్చుని రెంచీ ఎత్తాడు. "అప్పుడే చెబితే! అప్పుడే ఒక్క మాట చెబితే!" అంటున్నాడు. అప్పుడు చెప్పి ఉంటే ఆ స్తంభం నామీద పడేది. వాడికీ ఆ సంగతి తెలుసు. పైకి ఎత్తిన రెంచీ అలాగే ఆగి ఉంది. దాని వెనక కెమెరా కనిపించింది. తీస్తూనే ఉన్నారు.

"దింపు," అంది మరదలు. వాడి పక్కకు వచ్చి నిలబడింది. "ఆయన్ని నేను కొట్టాను. నా లెక్క నేను చూసుకున్నాను. ఆయన చేసింది ఆయన చెప్పాడు. ఇప్పుడు నువ్వు చెప్పు. ఇదిగో, ఇక్కడే కెమెరా ఉంది. ఆ స్తంభం ఎవరు ఎత్తారు?"

ప్లంబరు ఆవిడను చూశాడు. మూలన ఉన్న స్తంభాలను చూశాడు. నామీద నుంచి లేచాడు.

"జనం..." అన్నాడు.

"జనానికి ఎన్ని చేతులయ్యా? మొదటి చెయ్యి ఎవరిది?"

వాడు వెనక్కి తిరిగాడు. జనం వాడికి దారి ఇచ్చారు. ఆ రోజు నాకు ఇచ్చినట్టే, ఒక్కొక్కరుగా పక్కకు జరిగి. కొంతదూరం నడిచాక రెంచీ చేతిలోంచి జారింది. దాన్ని తీసుకోవడానికి ఆగలేదు.

*

సినిమా పది రోజులు ఆలస్యంగా వచ్చింది. అందులో నేను మాట్లాడింది నలభై సెకన్లు ఉంది. మిగతా అంతా కంపెనీ, కాగితాలు, సంతకాలు. అది న్యాయమే. ప్లంబరు చెప్పిన లీకు మాట తీసేశారు. వాడి వీపు జనంలోకి వెళ్ళడం చివర్లో పెట్టారు.

అప్పీలులో గార్డు, నేను సాక్ష్యం చెప్పాం. అతడి ఉద్యోగం పోయింది. పింఛను మంజూరైంది. స్తంభం కేసులో కూడా నేను సాక్ష్యానికి పేరు ఇచ్చాను. వాయిదా ఇంకా రాలేదు. ఇప్పుడు రాళ్ళు మా ఇంటి కిటికీలకు పడుతున్నాయి. అట్టముక్కలు కొట్టుకోవడం నేర్చుకున్నాను.

మరదలు నాతో మాట్లాడదు. పాప బడిలో కనిపిస్తుంది. కొత్తపళ్ళు పెట్టించారు. మొన్న భోజనం గంట కొట్టాక నా గది గుమ్మం దగ్గరికి వచ్చింది.

"పెదనాన్నా, అమ్మ అడగమంది. నాన్న తలుపు తీసినప్పుడు ఏమన్నాడు?"

"ఒక్కొక్కరుగా రండి అన్నాడమ్మా. అందరికీ ఇస్తానన్నాడు."

"నీతో?"

"నాతో ఏమీ అనలేదు. కాలరు పట్టుకున్నాడు."

అది తల ఊపి, ఆ మాట మరిచిపోకుండా మోసుకెళ్ళాలన్నట్టు, మెట్లు మెల్లగా దిగి వెళ్ళింది.